భద్రిరాజుగారి జీపులో గేరు

పికప్పు గట్టు మొదట్లోనే ఆగిపోయింది. ఇంజను ఆడుతోంది, గేరు పడుతోంది. అడుగున ఎక్కడో రాళ్ళు నమిలినట్టు కటకటమంది, అంతే. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరుగుతున్నాయి. ముందు చక్రాలు ఉలకవు, పలకవు. వెంకటరాజు కిందికి దూకి, లుంగీ ఎగ్గట్టి వంగి చూశాడు. చూస్తే ఏం కనపడుతుంది? బురద కనపడింది.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే, ఉప్పుటేరు పక్కన ఆయన రొయ్యల చెరువు. తారు రోడ్డు నుంచి చెరువు దాకా రెండు మైళ్ళు నల్లమట్టి గట్టు. ఎండ కాస్తే రాయి, వాన పడితే జున్ను. ఆ గట్టు కోసమే మిలిటరీ వేలంలో పోయిన పాత జీపు పికప్పు ఒకటి కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. కొని ఊరుకుంటే ఆయన వెంకటరాజు ఎందుకవుతాడు? తొట్టి మూరెడు పొడవు పెంచాడు. కమాన్లకి పట్టీలు ఎక్కువ వేయించి బండిని ఎత్తు లేపాడు. కిందటి నెలలో వెనక రెండు చక్రాలకీ పెద్ద టైర్లు వేయించాడు. ట్రాక్టరుకి వెనక చక్రం పెద్దది కాబట్టే కదా దమ్ము బురదలో దిగబడకుండా నడుస్తోంది, దీనికి మాత్రం ఎందుకుండకూడదు అన్నాడు. చూసినవాళ్ళందరూ నిజమేనండి అన్నారు.

చెరువు కాపలా చూసే చిట్టియ్య గట్టంట జారుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"రాజుగారండీ, రొయ్య గట్టుకి చేరిందండి."

"ఎన్ని?"

"ఎన్నేంటండి, అంచంతా ఎర్రగా ఉంటేను! నాలుగు పట్టి చూశాను. తలకాయ మీద తెల్లమచ్చ."

వెంకటరాజుకి కాళ్ళ కింద మట్టి ఇంకాస్త మెత్తబడినట్టయింది. తెల్లమచ్చ తగిలిన రొయ్య అంచుకి వచ్చిందంటే రేపో ఎల్లుండో చచ్చిపోతుంది. ప్రాణం ఉండగా పట్టి ఐసులో పెడితే సరుకు. లేదంటే చెరువంతా కంపు. ముందు రెండు పంటలూ అలాగే పోయాయి. ఇది కూడా పోతే చెరువు ఇంకొకరికి ఇచ్చేసి ఇంట్లో కూర్చోవడమే. ఇంట్లో కూర్చోవడం ఆయన ఒంటికి పడని పని.

గట్టు మీదికి ట్రాక్టరు దింపితే బరువుకి చెరువులోకి జారుతుంది. మనుషుల నెత్తిన ఐసు పంపిద్దామంటే సగం దారిలో సగం నీళ్ళు. పికప్పు నడవాలి. వేరే దారి లేదు.

ట్రాక్టరు కట్టి బండిని ఇంటికి లాగించాడు. భీమవరం నుంచి మెకానిక్కు ఏసుపాదం వచ్చి, కిందికి దూరి, ముందు చక్రాలకి బలం పంపే చిన్న గేరుపెట్టె విప్పాడు. నూనెలోంచి ఇనప పళ్ళు చిల్లర ఏరినట్టు ఏరి బయటపెట్టాడు.

"గేరు పోయిందండి. ఇది భీమవరంలో దొరకదు. రాజమండ్రి పాతసామాన్ల వాళ్ళకి ఫోను కొట్టించానండి, వాళ్ళ దగ్గరా లేదంట. ఈ మోడలు బండ్లన్నీ ఎప్పుడో తూకానికి పోయాయండి."

"వెల్డింగు?"

"ఆయ్, పెట్టొచ్చండి. గట్టు మధ్య దాకా తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి మీరే తీసుకురావాలి దాన్ని."

వెంకటరాజు వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరుగుతున్నాడు. కాఫీ పట్టుకొచ్చిన భార్య రత్నమాణిక్యంగారు గ్లాసు ఎక్కడ అందించాలో తెలియక ఆయన వెనకాలే తిరుగుతోంది.

"ఏవండీ, ఒక్కచోట నిలబడండి. పెద్దాపురం దగ్గర మా భద్రిరాజు బాబాయిగారికి ఇలాంటి జీపే ఉండేది కదండీ? అడ్డతీగల అడవులకి వేటకెళ్ళేవారు. ఇప్పుడు నడవడం లేదు, కొట్టంలో పెట్టేశారు."

"ఫోను చెయ్యండి మరి!"

"చేస్తాను. అయితే, మీ బండి విప్పి గేరు ఇవ్వండి అని ఫోన్లో ఎలా అడుగుతామండి? అయిదేళ్ళయింది వాళ్ళ గడప తొక్కి. బాగుండదు. మీరు వెళ్ళి, కూర్చుని, మాటల్లో మాటగా అడగండి."

అది ఆయనకీ సబబుగానే తోచింది. అలాంటి మర్యాదల ఇళ్ళల్లో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ ఫోను చేసి, మావారు రేపు పొద్దున్నే మీ దర్శనానికి వస్తారండి అంది. అని ఊరుకుంటే పొడిగా ఉంటుందని, మీ మనవరాలు మంజుష చదువు అయిపోయిందా అండి, మా అబ్బాయి వంశీది కూడా అయిపోయింది, అని రెండు మాటలు కలిపింది.

తెల్లవారకుండా కారు మాట్లాడుకుని, ఏసుపాదాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు వెంకటరాజు. రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డం పడితే కిందికి దిగి తనే చేతులూపుతూ దారి చేయించాడు. ఏసుపాదం కారులోంచి, "మీరు కూర్చోండి రాజుగారూ, మీరు దిగితే లారీ చిన్నదవుద్దా?" అన్నాడు.

పెద్దాపురం ఇంకా కాస్త దూరం ఉందనగా ఆ ఊరు. భద్రిరాజుగారి వాకిట్లో కల్లాపి చల్లి పెద్ద ముగ్గు వేసి ఉంది. ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా వేసుకుని డెబ్భై దాటిన పెద్దాయన వీధిగుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వెనక ఆయన కోడలు సుప్రజ, ఆవిడ వెనక ఇంకా నలుగురు చుట్టాలు. ఇంతమంది ఎందుకున్నారో వెంకటరాజుకి తట్టలేదు. ఆయన కళ్ళు అప్పటికే పెరటి కొట్టం వైపు పోయాయి. టార్పాలిన్ కింద జీపు ముక్కు కనపడుతోంది.

"రండి రండి. కాళ్ళు కడుక్కోండి. ముందు టిఫిను."

"మావయ్యగారూ, నేను ఒక మాట..."

"మాటలకేముందండీ, మాట్లాడుకోవడానికే కదా వచ్చారు. ముందు టిఫిను."

పెసరట్టు వచ్చింది, ఉప్మా వచ్చింది. మాటల్లో మాటగా అడుగుదామంటే పెద్దాయన మాట్లాడిన మాటలకి జీపు ఎక్కడా తగలదు. వంశీ ఏం చేస్తున్నారు అని అడిగారు. ఎత్తు ఎంత అని అడిగారు. ఎత్తెందుకో! వెంకటరాజు మోకాలు ఊపుతూ, చెప్పిందానికీ చెప్పనిదానికీ తలూపాడు. అక్కడ చిట్టియ్య అంచున నిలబడి చచ్చిన రొయ్య ఏరుతూ ఉంటాడు. రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ ఎవరో ఒకరు, మీరు లేవకండి, ఏం కావాలో చెప్పండి అన్నారు. ఏం కావాలో చెప్పడానికే వచ్చాడు, అదే నోటికి రాలేదు.

టిఫిను కడుపులో ఉండగానే భోజనానికి ఆకులు వేశారు. నాటుకోడి పులుసు, పనసపొట్టు కూర, చేపల వేపుడు, గారెలు, మూడు రకాల స్వీట్లు. చివర్లో సుప్రజ ఒక గిన్నె పట్టుకొచ్చి గరిటెతో నిండుగా వడ్డించింది.

"మీకు రొయ్యలంటే ఇష్టమటగా అన్నయ్యగారూ. పొద్దున్నే తెప్పించాం."

ఆకులో ఎర్రగా వేగిన రొయ్యలు. వెంకటరాజు వాటిని చూశాడు. చెయ్యి కదల్లేదు. అప్పుడే తలుపు చాటున పట్టుచీర అంచు కనపడింది, ఎవరో ఆ పిల్లని ముందుకి తొయ్యడం కనపడింది. తాను దేనికొచ్చాడని వీళ్ళనుకుంటున్నారో అప్పటికి తెలిసింది. ఇప్పుడు కాదంటే ఆడపిల్లగలవాళ్ళని ఆకు ముందు అవమానించినట్టు. కాదనకుండా ఉంటే సాయంత్రం దాకా జాతకాలు. అంతసేపు రొయ్య ఆగదు.

"మావయ్యగారూ, నేను మీ జీపు కోసం వచ్చానండి."

గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

"జీపు కోసమా?" అన్నాడు పెద్దాయన.

"చెరువులో రొయ్య గట్టుకి చేరిందండి. నా బండిలో గేరు పళ్ళు రాలిపోయాయి. మీ బండిలో ఆ గేరు ఉంటుందని. క్షమించండి, ఎలా అడగాలో తెలీక..."

చుట్టాల్లో ఒకాయన మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తలుపు చాటున ముందు చిన్న నవ్వు, ఆపుకోలేక పెద్ద నవ్వు వచ్చింది.

"పెళ్ళిచూపులు కాదా అయితే! తాతగారూ, ఈ చీర మార్చుకోవచ్చాండీ? తెల్లారినప్పణ్ణుంచీ ఉక్కిరిబిక్కిరిగా ఉంది."

"మంజూ!" అంది తల్లి.

భద్రిరాజుగారి ముఖం కందిపోయింది. "ఏవండీ వెంకటరాజుగారూ, అవతల రొయ్య చస్తుంటే ఆ ముక్క ఫోన్లో చెప్పకూడదండీ? రాత్రే విప్పించి గుమ్మంలో పెట్టించేవాణ్ణి."

"ఫోన్లో అడిగితే బాగుండదనండి..."

"బాగుండదా? మూడు రకాల స్వీట్లు చేయించాను, కాకినాడ నుంచి తమ్ముణ్ణి రప్పించాను. ఇది బాగుందా?"

అంటూనే ఆయన చెయ్యి కడిగేసుకుని లేచాడు. అతిథి ఆకు ముందుండగా ఆయన లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. కొట్టం దగ్గరికి వెళ్ళి టార్పాలిన్ తనే లాగేశాడు. వెంకటరాజు ఎంగిలిచేత్తోనే వెనకాల పరిగెత్తాడు. అక్కడ అరుగు మీద పెసరట్టు తింటున్న ఏసుపాదం స్పానర్లు తీశాడు.

జీపు అడుగున ఏసుపాదం పని మొదలుపెట్టాక పెద్దాయన కోపం ప్రశ్నలుగా మారింది.

"గేరు పళ్ళు ఊరికే ఎలా రాలాయండి? ఏం చేశారు బండిని?"

వెంకటరాజు తొట్టి సంగతి, కమాన్ల సంగతి, టైర్ల సంగతి చెప్పాడు. టైర్ల దగ్గర కాస్త గర్వంగానే చెప్పాడు.

"వెనకవే పెద్దవా? తారు రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలూ లాగించారా?"

"ఇంటి దగ్గర వేసిన లివరు చెరువు దాకా తియ్యనండి. మాటిమాటికీ ఎక్కడ ఆగుతామని."

"అదీ సంగతి. పెద్ద చక్రం ఒక్క చుట్టుకి ఇంత పోతుంది, చిన్నది ఇంతే పోతుంది. రెంటినీ మధ్యలో కట్టేశారు. ఏదో ఒకటి జారాలి. బురదలో జారుతుంది. తారు మీద ఎక్కడ జారుతుందండి? మధ్యలో గేరు నలుగుతుంది. ట్రాక్టరు సంగతి వేరు, దాని ముందు చక్రం లాగదు." ఆయన తన జీపు బానెట్టు మీద చెయ్యి వేశాడు. "గేరిస్తాను. ఆ టైర్లు తీసేసి నాలుగూ ఒక్క సైజువి వేస్తేనే ఇస్తాను. మళ్ళీ పళ్ళు రాల్చుకొస్తే నా దగ్గర ఇంకో జీపు లేదు."

వెంకటరాజు సరేనండి అన్నాడు. ఆ క్షణంలో దేనికైనా సరే అనేవాడే. గేరు గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కారెక్కాడు. కదిలే కారు కిటికీలోంచి సుప్రజ స్వీట్ల డబ్బా లోపలికి తోసింది. ఆ పక్కన మంజుష నూలుచీరలో నిలబడి, హాయిగా చెయ్యి ఊపింది.

మర్నాడు పొద్దెక్కేసరికి గేరు పికప్పులో కూర్చుంది. ఏసుపాదం బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ వెనక చక్రాల వైపు చూశాడు.

"టైర్ల సంగతి ఏం చెయ్యమంటారండి?"

వెంకటరాజు బండి చుట్టూ తిరిగాడు. పాత టైర్లు పశువుల కొట్టంలో ఉన్నాయి, అరిగి నున్నగా. ముందు చక్రాలవీ అలాంటివే. ఈ పెద్ద టైర్లు నెల రోజులు ఏ బురదలోనూ ఓడిపోలేదు. నున్నటి టైర్లతో, వానకి నానిన ఆ గట్టు మీద? పెద్దాయన వచ్చి చూస్తాడా ఏంటి? ఒక్క రోజుకి ఏమవుతుంది? చిట్టియ్య కబురు పంపాడు, ఒక మూల రొయ్య తేలిందని. మళ్ళీ ఒక చుట్టు తిరిగాడు. గేరుపెట్టెలోంచి ఏరిన పళ్ళు అరుగు మీద రేకులో ఇంకా అలాగే ఉన్నాయి.

"తీసెయ్."

ఏసుపాదం నాలుగు టైర్లలోనూ గాలి సగానికి దించాడు, బురద మీద వెడల్పుగా పరుచుకోవాలని. తొట్టినిండా ఐసు పెట్టెలు ఎక్కించారు. గట్టు మొదటికి వచ్చాక కానీ వెంకటరాజు లివరు వెయ్యలేదు.

"నెమ్మదిగా పోనివ్వండి. జారినట్టనిపిస్తే మాత్రం తొక్కకండి" అన్నాడు పక్కన కూర్చున్న ఏసుపాదం.

తొక్కకుండా ఉండడం! పుట్టి బుద్ధెరిగాక ఏ బండైనా తొక్కే నడిపిన మనిషి. కాలు దానంతటదే దిగుతోంది. పళ్ళు బిగబట్టి పైకి లాక్కున్నాడు. బండి మనిషి నడకతో పోతోంది. పక్కన కొంగ ఒకటి గట్టంట నడుస్తూ వీళ్ళని దాటిపోయింది. తూము దగ్గర గట్టు సన్నం. అక్కడ వెనక భాగం చెరువు వైపు ఒరిగింది. ఐసు పెట్టెలు ఒక పక్కకి జరిగాయి. తొక్కితే వెనక చక్రాలు గిర్రున తిరిగి అంచు తవ్వేస్తాయి, బండి నీళ్ళల్లో ఉంటుంది. తొక్కకపోతే? తొక్కలేదు. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడంతే. ముందు చక్రాలు మెల్లగా, ఒకదాని తరవాత ఒకటి, పట్టు దొరకబుచ్చుకుని బండిని మధ్యకి లాగాయి.

ఏసుపాదం అప్పుడు ఊపిరి వదిలాడు. "ప్రభువా" అన్నాడు.

చెరువు దగ్గర జనం వల దింపి ఎదురుచూస్తున్నారు. ఉత్తరం మూల తెల్లగా తేలిపోయి ఉంది, దాని వైపు ఎవరూ చూడలేదు. మిగతా మూడు వైపులా వల లాగారు. ట్రేల్లోకి పోసిన రొయ్యలు టపటపమని ఎగిరాయి. చిట్టియ్య ఒకటి పట్టుకుని చూపించాడు. అది వాడి వేళ్ళల్లోంచి ఎగిరి వెంకటరాజు చొక్కా మీద పడింది.

"ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్నాయండి! మూడొంతులు దక్కినట్టే."

"ఎత్తండి, ఎత్తండి" అన్నాడు వెంకటరాజు. టీ ఇస్తే అందుకోలేదు. మొదటి లోడు రోడ్డు మీద రొయ్యల కంపెనీ వ్యానులోకి ఎక్కించి, చీకటి పడేలోగా ఇంకో రెండుసార్లు రావాలి. స్టీరింగు ముందు కూర్చుని, ఆఖరి ట్రే ఇంకా తొట్టిలో పడకముందే ఇంజను వేశాడు. కాలు అప్పుడే దిగబోయింది. చూసుకుని, పైకి తీశాడు.