ఇద్దరు మోసే బల్ల

నేల తుడవడం సగంలో ఉండగానే ఆమె మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూసి వచ్చింది. ఇంకా పది గంటలైనా కాలేదు. సభ సాయంత్రం నాలుగింటికి. ఇప్పుడెవరొస్తారని తనను తానే కసురుకుని, బకెట్లో గుడ్డ పిండి, కిటికీ కింద వదిలేసిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. తడి నేల మీద ఎండ పడి, హాలు మధ్యలో వెలుగు చాప పరిచినట్టయింది. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా దాన్ని తొక్కడానికి ఆమెకు మనసొప్పదు. ఇవాళా చుట్టూ తిరిగే వెళ్ళింది.

వీధిలో అందరికీ ఆమె తాళాల పిన్ని. పొట్టి మనిషి, వెడల్పాటి పాదాలు, నడుముకు ఎప్పుడూ గలగలలాడే గుత్తి. ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు. "కూర్చుంటే మోకాళ్ళకి తుప్పు పడుతుంది" అంటుంది.

నెలకో ఆదివారం ఆ హాల్లో 'కలయిక' జరుగుతుంది. ఆ వీధిలో నాలుగు ఖండాల మనుషులున్నారు. నల్లని చేతులు, తెల్లని చేతులు, గోధుమరంగు చేతులు ఒకే బస్సు కడ్డీని పట్టుకుంటాయి కానీ, దిగాక ఎవరి దారి వాళ్ళదే. నెలకోసారైనా ఒకరి పాట ఒకరు వినాలని, ఒకరి వంట ఒకరు రుచి చూడాలని ఉద్యోగం నుంచి రిటైరైన టీచరమ్మ దీన్ని మొదలుపెట్టింది. ఆవిడ ఉపన్యాసం చాంతాడంత. గోడకు కట్టే గుడ్డ మీద 'రంగులు వేరు, రక్తం ఒకటే' అని రాసి ఉంటుంది. దాని కుడి మూల మేకు ఎన్నిసార్లు కొట్టినా సభ మధ్యలో ఊడుతుంది. ఊడిన మరుక్షణం సుత్తితో లేచేది పిన్నే.

పిన్ని పద్ధతి పిన్నిది. నలభై మంది వస్తారంటే ముప్పై ఎనిమిది కుర్చీలే వేస్తుంది. చివర వచ్చినవాళ్ళు నిలబడి దిక్కులు చూస్తుంటే, ఎప్పుడూ పలకరించుకోని ఇద్దర్ని ఏరి, "మీరు అటు, మీరు ఇటు పట్టండి" అని సామాన్ల గదిలోని బల్ల తెమ్మంటుంది. అది ఒక్కరి వల్ల లేచేది కాదు. తలుపులోంచి తేవాలంటే ఏటవాలుగా వంచాలి. ఒకరు వెనక్కి నడవాలి, ఇంకొకరు దారి చెప్పాలి. మోసుకొచ్చినవాళ్ళు దాని మీదే కూర్చుంటారు. 'ముందే వేసి ఉంచొచ్చుగా' అని ఇన్నేళ్ళలో ఒక్కరికీ తోచలేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఆమె చీపురుకు మాత్రమే వినపడేలా నవ్వుకుంటుంది.

బల్ల ఆమె భర్త చేసింది. పెళ్ళయిన కొత్తలో సముద్రం దాటించి ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. మొదటి ఏడాది బస్సులో ఎంతమంది నిలబడి ఉన్నా ఆమె పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఇంటికొచ్చి చెబితే వడ్రంగి మనిషి ఏం చేస్తాడు? ముగ్గురు కూర్చునే బల్ల చేశాడు. "ఇంత బరువేమిటయ్యా" అంటే, "ఒక్కడు ఎత్తగలిగితే దొంగ ఎత్తుకుపోడూ?" అన్నాడు. రెండు మెట్లకోసారి దించి, దాని మీదే కూర్చుని, నవ్వి, మళ్ళీ ఎత్తి, ఇద్దరూ దాన్ని మేడ మీదికి చేర్చేసరికి చీకటి పడింది. ఆయన పోయాక బల్ల హాలుకొచ్చింది.

ఇవాళ దాన్ని ఎవరు మోయాలో ఆమె వారం కిందటే నిర్ణయించుకుంది. ఆ రోజు కొట్టు రద్దీలో రొట్టెలాయన బస్సు డ్రైవర్ని, కూతురి ఎదుటే, "వరసలో ఉండు. ఇది మీ దేశం కాదు" అన్నాడు. అప్పటి నుంచి డ్రైవరు భార్య రొట్టె కోసం రెండు వీధులు దాటి వెళుతోంది. ఈ నెల డ్రైవరు రాకపోతే ఇక రాడు. అతని వెనక అతనివైపు ఇళ్ళన్నీ మానేస్తాయి. ఆ భయంతోనే ఆమెకు కాలు నిలవడం లేదు. ఎడమ జబ్బ పొద్దుటి నుంచి లాగుతోంది. ఆ నేరం నేల తుడుపు మీదకు నెట్టి, రొట్టెల కొట్టుకు బయల్దేరింది.

"సాయంత్రం వస్తున్నావుగా?"

"అతనొస్తే నేనెందుకు పిన్నీ?"

"అతని పేరు నేనెత్తానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస."

"గిరాకీ హడావిడిలో ఏదో అన్నాను. దానికింత రాద్ధాంతమా?"

"ఆ ఏదో నన్నూ అన్నారులే ఒకప్పుడు. ఆ పూట ఏ చెప్పులేసుకున్నానో కూడా గుర్తుంది."

రొట్టెలాయన పిండి చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం స్టాపులో బస్సు ఆగగానే ఆమె ఒక మెట్టెక్కి నిలబడింది.

"ఎక్కుతారా, దిగుతారా పిన్నిగారూ?" అన్నాడు డ్రైవరు.

"రెండూ కాదు. నాలుగింటికి బల్ల మొయ్యాలి. మనిషి లేడు."

"డ్యూటీ ఉందండీ."

"మూడున్నరకి దిగుతావు. నీ డ్యూటీ నాకు నీకంటే బాగా తెలుసు."

అతను అద్దంలోకి చూస్తూ, "'మనం ఎక్కడికి వెళ్ళిపోవాలి నాన్నా' అని అడుగుతోందండీ మా అమ్మాయి" అన్నాడు.

పిన్ని బస్సు కడ్డీని గట్టిగా పట్టుకుంది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. "నువ్వు రా ముందు" అని దిగిపోయింది.

నాలుగైంది. కుర్చీలు నిండుతున్నాయి. వాకిట్లో రొట్టెలాయన బుట్టతో కనిపించాడు. అతను ఏ కుర్చీ మీద చెయ్యి వేసినా "అది వేరేవాళ్ళకి" అంది పిన్ని. గుమ్మానికీ గడియారానికీ మధ్య తిరుగుతూనే ఉంది.

"పిన్నీ, కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరగడం!" అంది టీచరమ్మ.

నాలుగుంపావుకు డ్రైవరు యూనిఫాంలోనే వచ్చాడు, ఒక్కడే. కుర్చీలన్నీ నిండిపోయాయి.

"మీరు అటు, మీరు ఇటు" అంది పిన్ని.

"నేనొక్కణ్ణే తెస్తాను" అని రొట్టెలాయన గదిలోకి వెళ్ళాడు. బల్ల బెత్తెడు కూడా లేవలేదు. హాలంతా చూడనట్టు చూస్తోంది. డ్రైవరు కాసేపు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి, చివరికి రెండో కొస పట్టుకున్నాడు. తలుపు దగ్గర ఇరుక్కుంది.

"వంచండి" అన్నాడు డ్రైవరు.

"ఎటు?"

"మీ వైపే. రండి... రండి... ఆపండి! గుమ్మం."

"రైట్ రైట్!" అన్నారెవరో వెనక నుంచి. హాలు ఘొల్లుమంది. వాళ్ళిద్దరూ నవ్వలేదు. బల్ల దించి చెరో చివరా కూర్చున్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. పిన్ని ఆ చోటును చూసింది. వెళ్ళి అందులో కూర్చుంది.

ఉపన్యాసం చదువుతున్న టీచరమ్మ అది చూసి ఒక వాక్యం తప్పింది. కాసేపటికి గోడ మీది గుడ్డ కుడి మూల ఊడి వేలాడింది. పిన్ని లేవలేదు. ఆమె తల మెల్లగా డ్రైవరు భుజం మీదికి వాలింది.

"నిద్రపోయింది" అన్నాడతను, భుజం కదపకుండా.

"పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉంది. మా కొట్టుకొచ్చింది" అని గుసగుసగా అన్నాడు రొట్టెలాయన.

"నా బస్సుకీ వచ్చింది. బల్ల మొయ్యడానికి మనిషి లేడంది."

రొట్టెలాయన హాలంతా కలయజూశాడు. నలభై మంది. ముందు వరసలోనే ముగ్గురు బస్తాలు మోసేవాళ్ళు. అతని పెదవి కొంచెం కదిలింది. "ఆ రోజు... మీ అమ్మాయి ముందు నేను..."

"ఆవిడ లేస్తుంది. తర్వాత చెప్పండి."

ఇద్దరూ ఊపిరి కూడా చిన్నగా పీలుస్తూ కూర్చున్నారు. ఉపన్యాసం ముగిసి చప్పట్లు మోగాయి. ఆ మోతలో పిన్ని నడుము నుంచి తాళాల గుత్తి జారి నేల మీద పడింది. ఆమె దానికోసం వంగలేదు.

అంబులెన్సు ఇరుకు వీధిలోకి రాలేక మలుపులో ఆగింది. ఆమెను ఆ బల్ల మీదే పడుకోబెట్టి వాళ్ళిద్దరూ మోసుకెళ్ళారు. ఈసారి ఎవరూ ఎవరికీ దారి చెప్పలేదు, అడుగు తడబడలేదు. అంబులెన్సులోని డాక్టరు ఆమె మణికట్టు పట్టుకుని చూసి, వదిలి, తల అడ్డంగా ఊపాడు. తలుపులు మూసుకుని బండి వెళ్ళిపోయింది.

"మా అమ్మాయికి నేనే చెప్పాలి. దాన్ని తీసుకుని ఇటే వస్తాను. తర్వాత బల్లని లోపల పెడదాం" అన్నాడు డ్రైవరు.

"వెళ్ళిరండి. నేనిక్కడే ఉంటా. ఒక్కణ్ణే ఎత్తలేనుగా."

డ్రైవరు టోపీ తీసి తన కొసన పెట్టి వెళ్ళాడు. రొట్టెలాయన కూర్చోబోయి, మధ్య చోటును చూసి, నిలబడే ఉండిపోయాడు. మలుపులో, పల్చటి సాయంత్రపు ఎండలో, ఒక కొసన పిండి వేలిముద్రలతో, ఇంకో కొసన టోపీతో, బల్ల ఉంది.