లైనుకి మామగారి పేరు

గడ్డిమైదానంలో గుడారం ముందు పాతిన గుంజ కొసన తోలు సంచిలో ఫోను వేలాడుతోంది. ఆ ఎత్తున తప్ప సిగ్నలు అందదు. ఫోను ఇంటి పెద్ద లమ్జావ్‌ది. కింద గుడారంలో కూర్చుని కోడలు ఖులన్ ల్యాప్‌టాప్‌ని దాని హాట్‌స్పాట్‌కి కలుపుకుంటుంది. ఆ మధ్యాహ్నం ఆమెకు తాలూకా ఊరైన సుమ్ కేంద్రం వాళ్లతో ఇంటర్వ్యూ ఉంది, పశువైద్యురాలి ఉద్యోగానికి. ఉన్న కాస్త డేటా అందుకే అట్టిపెట్టారు. అయిపోతే సుమ్ కేంద్రానికి వెళ్లి వేయించుకోవాలి, వెళ్లొచ్చేసరికి పొద్దు గుంకుతుంది.

ఉప్పు పాలటీ కాస్తూ ఖులన్ తెరకేసి చూసింది. అప్‌డేట్ దిగుతోంది. అప్పటికే డేటా సగానికి పైగా తాగేసింది. గబుక్కున లైను తెంపి భర్తని కేకేసింది.

తెమూలెన్ గుర్రాన్ని కట్టేసి లోపలికొచ్చాడు. "అదేంటి, ఇది డేటా కొలిచి వాడే మీటరు లైను, అడక్కుండా ఏదీ దింపొద్దని పెట్టానుగా!"

"పెట్టావు, అది వినలేదు. మళ్లీ కలిపితే మళ్లీ మొదలెడుతుంది."

అతను తెర మీదకి వంగాడు. "వేసవి మకామా? లైనుకి ఈ పేరెవరు పెట్టారు?"

"నేనే. ఇక్కడికి మకాం మారినప్పుడు."

"అదీ సంగతి! ఇది లైన్లని పేరుతోనే గుర్తుపడుతుంది. పేరు మార్చేసరికి ఏదో కొత్త వైఫై, తిన్నంత తిండి అనుకుంది. పాత పేరుకేం వచ్చింది?"

ఖులన్ తలొంచుకుంది. పాత పేరు మామగారి పేరే, కోడలు నోట పలకకూడనిది. "పక్క మకాం ఆడవాళ్లు వచ్చి ఏ పేరు నొక్కాలని అడిగితే నోటితో ఎలా చెప్పను? నువ్వు చెబుతావు, నీకేం!"

మూలన ఎండు పెరుగు ముక్క చప్పరిస్తున్న లమ్జావ్ పకపకా నవ్వాడు. "నా పేరంటే కోడలికే జంకనుకున్నాను. ఈ మిషనుకీ జంకేనా? పెట్టరా, పాతదే పెట్టు."

తెమూలెన్ ఫోను దించి పేరు మార్చి మళ్లీ గుంజకెక్కించాడు. ఖులన్ కలిపింది. అప్‌డేట్ కదల్లేదు. మీటరు లైను కాబట్టి ఆపామని తెర మీద రాసొచ్చింది.

మిగిలిన డేటా సరిపోవాలని వీడియో ఆపేసి మాటతోనే ఇంటర్వ్యూ ఇచ్చింది. మేకల గాలికుంటు గురించి అడిగారు, చెప్పింది. గొర్రెల మశూచి గురించి అడిగారు, అదీ చెప్పింది. చివరికి అవతలి ఆవిడ, "మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తే ఎవరి మకాం అని అడగాలి?" అంది.

ఖులన్ మామగారి వైపు చూసింది. "మా... పెద్దాయన..."

"వినపడట్లేదమ్మా. లైను పోయిందా?"

లమ్జావ్ ల్యాప్‌టాప్ మీదకి వంగి గట్టిగా అరిచాడు. "లమ్జావ్ మకాం! లైను బాగానే ఉంది తల్లీ, పిల్లకి మొహమాటం."

అవతల అందరూ నవ్వారు. "అయితే లమ్జావ్ గారూ, టీకా మందుల పెట్టె మీ మకాంకే పంపుతాం. మీ డాక్టరమ్మని ఇంట్లో ఉండమనండి."

లైను తెగాక ఖులన్ అందరికీ టీ పోసింది. మొదటి గిన్నె మామగారికి రెండు చేతులతో అందించింది, పేరు మాత్రం పలకలేదు.