వంకర కుట్టు

నిడదవోలులో రత్నమాణిక్యం గారు నడిపే వికలాంగుల శిక్షణ కేంద్రానికి గ్రాంటు రావాలంటే, ఏటా ఒక ఆఫీసరు వచ్చి చూసి వెళ్ళాలి. ఆయన కంటికి మిషన్ల ముందు ఇరవై మంది నేర్చుకుంటూ కనపడాలి. నేర్చేసుకున్నవాళ్ళు లెక్కలోకి రారు. అందుకే హైమ మూడేళ్ళుగా నేర్చుకుంటూనే ఉంది.

పోలియో కాలితో ఇంట్లో దేకుతున్న పిల్లను తీసుకొచ్చి, కాలిపర్ కట్టించి, నడిపించి, చేతికి కత్తెర ఇచ్చింది రత్నమాణిక్యం గారే. కాదనడానికి లేదు. కానీ ఇప్పుడు హైమ చేత జాకెట్లు కుట్టించుకోవాలని ఊళ్ళోవాళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, రాజమండ్రిలో టైలరింగ్ షాపు హరిబాబు గారు పనిస్తానన్నారు. "సోమవారం రాకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటానమ్మా" అని కూడా చెప్పేశారు.

శనివారం తనిఖీ వచ్చిపడింది.

"ఈ ఒక్కసారికీ కొత్తదానిలా వంకరగా కుట్టవే తల్లీ" అన్నారు రత్నమాణిక్యం గారు. "ఒక్కరు తగ్గినా గ్రాంటు ఆపేస్తారు. ఇక్కడే ఉంటున్న ఆ మూగపిల్లలిద్దరినీ ఎక్కడికి పంపనే?"

"పోయినేడూ ఇదే మాటన్నారండి."

"అన్నానే. ఏం చెయ్యను?"

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. తిట్టినా బాగుండేది, ఎదురు తిరగొచ్చు. బతిమాలేవాళ్ళ దగ్గర్నుంచి తప్పించుకోవడం మాత్రం హైమకు ఎవరూ నేర్పలేదు.

ఆఫీసరు గారు వచ్చారు, కొబ్బరినీళ్ళు తాగారు, వరుసగా చూసుకుంటూ హైమ దగ్గర ఆగారు. "ఏదీ, కుట్టి చూపించమ్మా."

హైమకు ఒళ్ళు మండిపోయింది. వచ్చిన పని రానట్టు ఇంకెన్నాళ్ళు? మంచి కాలితో మిషను తొక్కి, చొక్కా కాలరు ఒకటి ఎక్కడా వంక లేకుండా కుట్టి ఆయన చేతిలో పెట్టింది.

"నాకు పూర్తిగా వచ్చేసిందండి. బయట పని కూడా దొరికింది. నన్ను పంపించెయ్యమనండి" అనేసింది. రత్నమాణిక్యం గారు గోడ పట్టుకున్నారు.

ఆయన కాలరు అటూ ఇటూ తిప్పి చూశారు. ముఖం విచ్చుకుంది.

"చూశారా మేడమ్! ఇన్ని సెంటర్లు తిరిగాను, పైవాళ్ళకి చూపించడానికి ఇలాంటివాళ్ళు ఒక్కళ్ళూ లేరండి. బయట పనికేం తొందర? ట్రైనింగులోనే ఉన్నట్టు నేను రాసుకుంటాను. ఈ అమ్మాయిని ఎక్కడికీ పంపకండి. ఈ పిల్ల ఉన్నన్నాళ్ళూ మీ గ్రాంటుకి పూచీ నాది!"

ఆయన నవ్వు చూసి మూగపిల్లలు చప్పట్లు కొట్టారు. రత్నమాణిక్యం గారు హైమను గట్టిగా కావలించుకుని, "మా తల్లే, మా తల్లే" అంటూ బావురుమన్నారు.

ఆ చేతుల మధ్య హైమకు ఊపిరాడలేదు. వంకరగా కుట్టి ఉంటే ఇంకో ఏడాదితో పోయేదేమో అనుకుంది.