నన్నెందుకు క్షమిస్తున్నవ్?

వంటింటికీ కొడుకు గదికీ మధ్య గోడలో, పైన, గాలి కోసం వదిలిన చిన్న కిటికీ ఒకటుంది. ఒకరోజు పొద్దున్నే బియ్యం కడుగుతుంటే వెంకటనర్సమ్మకు అందులోంచి తన పేరు వినపడింది.

"ఈ వసంతంలో నేను కొత్తగా చిగురిస్తున్నాను. నేను సంతోషానికి అర్హురాలిని. నన్ను బాధపెట్టిన వెంకటనర్సమ్మ గారిని నేను మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను."

గొంతు కోడలు అఖిలది. తప్పు విన్నానేమో అనుకుని వెంకటనర్సమ్మ గిన్నె పక్కన పెట్టి చెవి రిక్కించింది. అఖిల అదే మాట మళ్లీ అంది, ఈసారి ఇంకొంచెం నిదానంగా, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా. సూర్యాపేటలో వెంకటనర్సమ్మలు వాడకు ఇద్దరు ముగ్గురు ఉంటారు. కానీ అఖిలను బాధపెట్టేంత దగ్గరలో ఉన్నది తానొక్కతే.

కాసేపటికి అఖిల బయటికొచ్చి, ఏమీ జరగనట్టు, "టీ పెట్టమంటారా అత్తమ్మా?" అని అడిగింది.

"పెట్టు," అంది వెంకటనర్సమ్మ.

ఇంటి ముందు గదిలో ఆమెకు పిండి గిర్ని ఉంది. భర్త సైదులు పోయినప్పటి నుంచి దాన్ని ఆమే నడుపుతోంది. ఎండాకాలం మొదలైందంటే మిరపకాయల గిరాకీ. ముక్కుకు కొంగు కట్టుకుని రోజంతా కారం పట్టి ఇస్తుంది. ఆ రోజు మిషన్ ఎంత మోత చేసినా ఆ మాటే చెవిలో తిరిగింది. క్షమిస్తున్నదట! తప్పు చేసినోళ్లనే కదా ఎవరైనా క్షమించేది? మరి నేను చేసిన తప్పేంది?

మర్నాడు మళ్లీ అదే. ఆ తర్వాతి రోజూ అదే. అఖిల ఫోన్లో ఏదో క్లాసులో చేరిందని వెంకటనర్సమ్మకు తెలుసు. హైదరాబాద్ మేడమ్ ఎవరో ఉగాది దాకా చెబుతుందట. రోజూ అద్దం ముందు నిలబడి తన గురించి మంచి మాటలు అనుకోవాలి, బాగా బాధపెట్టిన మనిషిని పేరు పెట్టి క్షమించాలి. అలా చేస్తే మనసులో ఉన్న పాతదంతా ఆకు రాలినట్టు రాలిపోతుందట. ఇదంతా అఖిలే ఒకసారి అన్నం తింటూ చెప్పింది. అప్పుడు వెంకటనర్సమ్మ "మంచిదే, చెయ్యి" అని కూడా అంది. ఆ పేరు తనదవుతుందని ఆమెకేం తెలుసు?

అడిగేద్దామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే గోడకు చెవి పెట్టి విన్నట్టు తెలిసిపోతుంది. అదొకటి. అత్త అయ్యుండి, నేనేం తప్పు చేశానని కోడలి ముందు నిలబడడం ఇంకొకటి. అందుకని మింగేసి, తనలో తానే వెతకడం మొదలుపెట్టింది. పచ్చిపులుసులో ఉప్పెక్కువైందని చుట్టాల ముందు అన్నదానికా? జుట్టు కత్తిరించుకుంటానంటే వద్దన్నదానికా? పండక్కి కొన్న చీర రంగు బాగాలేదన్నదానికా? ఇవన్నీ ఏ ఇంట్లోనైనా ఉండేవే. వీటికి అద్దం ముందు నిలబడి క్షమించాలా?

ఆదివారం కొడుకు ముఖేష్ ఇంట్లో ఉన్నాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో సూపర్‌వైజర్ అతను. వారమంతా అక్కడే అక్క విజయ ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం వస్తాడు. అఖిల స్నానానికి వెళ్లింది చూసి వెంకటనర్సమ్మ అతని పక్కన కూర్చుంది.

"అరే, నీ పెండ్లాం నా మీద నీకేమన్న చెప్పిందా?"

"ఏం చెప్తదమ్మా?"

"ఏదో ఒకటి. నేను గిట్లన్న, గట్లన్న అని."

ముఖేష్ ఫోన్లోంచి తలెత్తలేదు. "ఏం లేదు. నువ్వు పరేషాన్ కాకు."

ఏమీ లేకపోతే పరేషాన్ కావద్దని ఎందుకంటాడు? వీడికి తెలుసు. తెలిసీ చెప్పడు. వెంకటనర్సమ్మకు కోపంతో ఒళ్లు మండింది.

ఇక ఇలా కాదనుకుని మంచితనంతో గెలవాలని చూసింది. అఖిలకిష్టమని చింతచిగురు తెప్పించి పప్పు వండింది. ఆమె బట్టలు కూడా తనే మడతపెట్టింది. కారం పట్టించుకోను వచ్చిన ఆడవాళ్ల ముందు, "మా కోడలు బంగారం" అని, లోపలికి వినపడేలా గట్టిగా అంది. అఖిల కొత్తగా చూసింది. తెల్లారి వంటింట్లో ఊపిరి బిగపట్టి నిలబడితే, "వెంకటనర్సమ్మ గారిని నేను మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను" అని మళ్లీ వినపడింది. చేతిలో ఉన్న గరిటెను ఆమె పొయ్యి గట్టు మీదికి విసిరేసింది.

"ఏమైందండీ అత్తమ్మా?" గదిలోంచి అఖిల.

"ఏం కాలే. చెయ్యి జారింది."

ఉగాది దగ్గరపడుతుండగా అఖిల తల్లికి పచ్చళ్ల పనిలో సాయంగా ఉండొస్తానని కోదాడ వెళ్లింది. ఇల్లు ఖాళీ అయింది. పొద్దున్నే ఆ కిటికీలోంచి ఏమీ వినపడకపోతే హాయిగా ఉండాలి కదా. ఉండలేదు. అక్కడ తల్లి ఇంట్లో అద్దం ముందు నిలబడి ఇప్పుడూ అంటూనే ఉంటుంది, తల్లి కౌసల్య కూడా వింటూ ఉంటుంది అన్న ఆలోచన వచ్చేసరికి వెంకటనర్సమ్మ ఇక ఇంట్లో ఉండలేకపోయింది. గిర్నికి తాళం వేసి, కూతురి దగ్గరికని మిర్యాలగూడ బస్సెక్కింది.

విజయ అంతా విని ముందు నవ్వింది.

"క్షమించింది కదనే అమ్మా! ఇంక నీకేం బాధ? తిట్టలే, కొట్టలే."

"తిడితే బాగుండు! తిరిగి నాలుగు తిడుదు. గిదేంది? నేను అడిగిన్నా క్షమించుమని? ఏం చేసిన్నో చెప్పకుంట రోజూ క్షమిస్తే నేనేమనుకోవాలె?"

విజయ నవ్వు ఆపింది. చాట ముందుకు లాక్కుని పప్పు ఏరడం మొదలుపెట్టింది.

"నాకు అనుమానమున్నదమ్మా. కానీ నేను చెప్పను. చెప్తే, విజయ చెప్పిందని నువ్వు అఖిలను ఇంకో తీరుగ అడుగుతవ్. పోయి ఆమెనే అడుగు."

"నీకు గూడ తెలుసన్నట్టు. నాకొక్కదానికే తెల్వదు!"

అన్నం తినమన్నా వినకుండా వెంకటనర్సమ్మ బస్టాండుకు నడిచింది. అక్కడ సూర్యాపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాని పక్కన కోదాడ బస్సు. ఆమె ఇంటి బస్సు వైపే రెండడుగులు వేసి, చిరాగ్గా వెనక్కి తిరిగి కోదాడ బస్సెక్కింది. హుజూర్‌నగర్ దాటేదాకా అనాల్సిన మాటలన్నీ పేర్చుకుంటూనే ఉంది. రోడ్డు పక్కన కానుగ చెట్లు లేత ఆకులేసి మెరుస్తున్నాయి. అవి చూస్తే కూడా ఆమెకు ఆ క్లాసు మేడమే గుర్తొచ్చి ఒళ్లు మండింది.

కౌసల్య వదిన తలుపు తీసి కంగారుపడింది. "అయ్యో వదినా, ఫోనన్నా చేయలేదే! ఏమైంది? అందరూ బాగున్నారా?"

"అందరు మంచిగనే ఉన్నరు. అఖిలేదీ?"

అఖిల డాబా మీద మిరపకాయలు ఎండబోస్తోంది. అత్తను చూసి లేచి నిలబడింది. వెంకటనర్సమ్మకు మెట్లెక్కిన ఆయాసం, ఎండ, ఆకలి అన్నీ కలిశాయి. దారంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"నన్నెందుకు క్షమిస్తున్నవ్?" అని అడిగేసింది.

అఖిల ముఖం పాలిపోయింది. "విన్నారా?"

"రోజూ వింటున్న. నేనేం జేసిన్నో చెప్పు. చెప్పకుంట నన్ను క్షమించే హక్కు నీకెవలిచ్చిన్రు?"

అఖిల చేతులకంటిన కారం దులుపుకుంది. తల దించుకునే అంది.

"బట్టలేం చేశారండీ?"

"ఏం బట్టలు?"

"బీరువా కింది అరలో పెట్టుకున్నవి. నేను కుట్టినవి."

అప్పుడు అర్థమైంది వెంకటనర్సమ్మకు. పోయిన వానాకాలం అఖిలకు ఏడో నెలలో కడుపు పోయింది. ఆమె ఇంకా దవాఖానలో ఉండగానే వెంకటనర్సమ్మ ఇంటికొచ్చి, బీరువాలో ఉన్న పసిపిల్ల బట్టలన్నీ ఒక గుడ్డలో మూటగట్టి, ఆటోలో వెళ్లి మూసీ కాలువలో వదిలేసి వచ్చింది. కోడలు ఇంటికొచ్చాక చూసి ఏడవకూడదని. ఆ తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు.

"అది నీ మంచికే జేసిన కదనే!" వెంకటనర్సమ్మ గొంతు పెద్దదైంది. "కండ్ల ముందర ఉంటే నువ్వు తిందువా, పందువా? నీ కోసమే జేసిన, నాకోసమా?"

"తెలుసండి. నా కోసమే చేశారని తెలుసు. అందుకే మిమ్మల్ని ఏమీ అనలేకపోయాను." అంది అఖిల. "ఇంటికొచ్చి అర తీసి చూస్తే ఖాళీగా ఉంది. మీరేమో, అయిపోయిందేదో అయిపోయింది, అన్నం తిను అన్నారు. అసలేమీ జరగనట్టే. ఒక్క మాట నన్ను అడగొచ్చు కదా అత్తమ్మా? ఉంచాలో పారేయాలో నేను చెప్పేదాన్ని కదా?"

"మరి అడగకపాయె నువ్వన్న! ఇన్ని నెలలు కడుపుల పెట్టుకొని, ఇప్పుడు రోజూ క్షమిస్తున్న, క్షమిస్తున్న అనుడు!"

"రోజూ ఎందుకంటున్నానో తెలుసా?" అఖిల మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "మనసులోంచి రావట్లేదండి. నిజంగా క్షమించి ఉంటే ఒక్కరోజుతో ఆపేసేదాన్ని. మేడమ్ అనమంటే అనడమే గానీ లోపల రావట్లేదు. నా మీద నాకే విసుగొస్తోంది."

వెంకటనర్సమ్మ పిట్టగోడను ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఇంతదాకా వచ్చి తేల్చుకున్నది ఇదా? క్షమించిందని కోపం వచ్చింది. క్షమించలేదంటే అంతకన్నా ఎక్కువ వచ్చింది.

"నాకు గూడ ఒక పిల్ల పోయింది," అంది ఉన్నట్టుండి, తిట్టినంత కటువుగా. "ముఖేష్ కంటె ముందు. పుట్టినంక పోయింది. మా అత్త ఒక్క గుడ్డ పీలిక సుత ఇంట్ల ఉంచలే. వారం తిరగకముందే నన్ను వరి నాటుకు తోలింది. గట్లనే చెయ్యాలె అనుకున్న. నాకెవలు చెప్పిన్రు వేరే తీరుగ?"

ఈ సంగతి ఆ ఇంట్లో అఖిలకు ఎవరూ చెప్పలేదు. ముఖేష్‌కు కూడా తెలియదేమో.

"అప్పుడు మీకు నొప్పి అనిపించలేదా?"

"ఎందుకనిపియ్యదు?"

"మరి నాకు అనిపిస్తుందని అనుకోలేదా?"

వెంకటనర్సమ్మకు తనమీద తనకే చికాకు వేసింది. "మంచినీళ్లియ్యి," అంది.

కింద కౌసల్య వదిన అన్నం పెట్టింది. ముగ్గురూ కలిసి తిన్నారు. రాత్రికి ఉండమంటే వెంకటనర్సమ్మ ఒప్పుకోలేదు. పొద్దున్నే గిర్ని తెరవాలంది. బస్టాండు దాకా అఖిలే స్కూటీ మీద దింపింది.

సూర్యాపేట బస్సు వచ్చి ఆగింది. వెంకటనర్సమ్మ ఎక్కబోయి, మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దిగింది.

"నేను మూట విప్పి సూడలే," అంది. "అరల ఉన్నయి ఉన్నట్టు గుడ్డల పోసి కట్టిన. సూస్తే నాకు చేతులాడవని కండ్లు మూసుకున్న. ఏమేం కుట్టినవ్ అండ్ల?"

బస్సు కండక్టర్ "ఎక్కుతున్నవా అమ్మా?" అని అరిచాడు. వెంకటనర్సమ్మ పొమ్మని చెయ్యి ఊపింది. బస్సు వెళ్లిపోయింది.

ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. పసుపుపచ్చ గౌను ఒకటి అని మొదలుపెట్టింది అఖిల. ముందు వైపు చిన్న చిన్న బాతులు కుట్టింది. ఒక బాతుకు ముక్కు వంకరపోయింది, విప్పి మళ్లీ కుడదామనుకుని వదిలేసింది. వెంకటనర్సమ్మ పాత నూలు చీర చింపి కుట్టిన పొత్తిగుడ్డలు. మెత్తగా ఉంటాయని.

"ఏ చీర?"

"మీరు గిర్నిలో కట్టుకునే ఆకుపచ్చదండీ. చిరిగిందని పక్కన పడేశారు చూడండి, అది."

వెంకటనర్సమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ చీర సంగతి ఆమెకు తెలియనే తెలియదు. అఖిల చెబుతూనే ఉంది, మధ్యలో ఏడ్చింది, మళ్లీ చెప్పింది. వెంకటనర్సమ్మ ఊరుకో అనలేదు. అనబోయి ఆపుకుంది.

తర్వాతి బస్సు వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

"ఉగాదికి వస్తవా?"

"వస్తానండీ. ముందు రోజే వస్తాను."

"వచ్చినంక మళ్ల పొద్దుగాల్నే నన్ను క్షమిస్తవా?"

అఖిల ఆలోచించింది. అబద్ధం ఆడాలనిపించలేదు. "ఏమో అత్తమ్మా. ఇంకా తెలియట్లేదు."

"సరే తియ్," అంది వెంకటనర్సమ్మ విసురుగా. "మనసుల నుంచి వచ్చిన్నాడు చెప్పు. రాకుంటే అది గూడ నాకే చెప్పు, అద్దానికి కాదు."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. అఖిల కింద నిలబడే ఉంది. బస్సు కదిలేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు లేదు.