కొండ మీద చెరువు, కొండ కింద కుళాయి

కొండెక్కడమంటే ప్రాణాలు పోతాయని మా ల్యాబ్‌కి పరీక్ష కోసం కొండ మీది చెరువు నీళ్ళు సీసాల్లో తెచ్చే పెద్దమనిషి రెండేళ్ళుగా చెబుతుంటే నమ్మాను. వట్టి కోతలు. గంట నడక, అదీ సాఫీ దారి. మా అక్క రబ్బరు చెప్పులతో ఎక్కింది. తన ఆరేళ్ళ కూతురు పాటలు పాడుకుంటూ ఎక్కింది. ఆయన మాత్రం ప్రతి నెలా మోకాళ్ళు పట్టుకుని, ఉసూరుమంటూ వచ్చేవాడు. నేను కుర్చీ వేసి, టీ కూడా ఇప్పించేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నా పని నీళ్ళ పరీక్ష. ఈ చెరువు నీళ్ళే పైపుల్లో అక్కావాళ్ళ వీధికి వెళ్తాయి. మంచివని నేను సంతకం పెడుతున్నాను కాబట్టి క్లోరిన్ లాంటి మందేమీ కలపకుండానే వదులుతారు. మూడు నెలలుగా పాపకి విరేచనాలు. పిల్ల పుల్లలా అయిపోయింది. నీళ్ళేమోనే అని అక్క అడిగితే నేను ఇంతెత్తున లేచాను. నీళ్ళు నేను చూశాను, నువ్వు నీ వంటిల్లు చూసుకో అన్నాను. అదీ వాళ్ళ అత్తగారి ముందు. అప్పట్నుంచి అక్క గిన్నెలు రెండేసి సార్లు తోముతోంది. వేళ్ళన్నీ పగిలిపోయాయి. పాప ఈ వారం కాస్త తేరుకుందని, ఆ చెరువేదో చూసొద్దామని అక్కే మమ్మల్ని బయల్దేరదీసింది.

కొండ కింద విశ్రాంతి గది పక్కన కుళాయి ఉంది. అక్కడ బోరు నీళ్ళలో క్లోరిన్ కలుపుతారట. సీసా నింపుతుంటే వాసన గుప్పుమంది. ఎక్కడో బాగా తెలిసిన వాసనే అనుకుని మూత బిగించాను.

పైన చెరువు కంటే ముందు కంపు ఎదురొచ్చింది. ఒడ్డంతా వాడి పారేసిన డైపర్లు, ఎంగిలి ప్లేట్లు, నీళ్ళ మీద పచ్చటి తెట్టు. ఊరికి వెళ్ళే పైపు మూతి దగ్గర కుక్క ఒకటి చచ్చి, ఉబ్బి, జాలీకి ఆనుకుని ఉంది. దాని పక్కనే నిలబడి ఎవరో ఫొటోలు దిగుతున్నారు. ఛీ, ఏం మనుషులు!

ఈ నీళ్ళేనా నా దగ్గరికి అద్దంలా వచ్చేవి? కింద వాసన ఎక్కడిదో అప్పుడు తట్టింది. నా ల్యాబ్‌లోది. ప్రతి నెలా పరీక్షలో ఆ సీసాల నీళ్ళలో కొంచెం క్లోరిన్ ఉన్నట్టు తేలేది. కొండ మీద చెరువులో క్లోరిన్ ఎవడు కలుపుతాడు? ఆయన కొండెక్కకుండా కింద కుళాయి నీళ్ళే పట్టి తెచ్చేవాడన్నమాట. పని కొత్తగా నేర్చుకునేవాళ్ళకైనా అనుమానం రావాలి. నేను మాత్రం సీసా కడిగినప్పటిది అయ్యుంటుందని రాసి, సంతకం గీకేశాను. ఇరవై నాలుగు సార్లు. ఆయన్ని తిడదామంటే నోరు రాలేదు. ఆయన కుళాయి దాకా అయినా వచ్చాడు, నేను కుర్చీలోంచి లేవలేదు.

అక్క ముక్కు మూసుకుని కుక్కనీ పైపునీ చూసింది.

"ఇవేనా మా ఇంటికొచ్చేవి?"

"ఇవే అక్కా."

అన్నీ చెప్పేశాను. తన ముందే ఆఫీసుకి ఫోన్ చేసి నీళ్ళు ఆపించమన్నాను. అక్క పాపని ఒడ్డు నుంచి వెనక్కి లాక్కుంది. తిట్టినా బాగుండేది.

ఇంతలో పాప దాహమంది. నా సంచిలోంచి సీసా తీసిచ్చాను. కింద పట్టినవి, మంచి నీళ్ళే అన్నాను. అక్క దాన్ని మధ్యలోనే అందుకుంది. ఆ పగిలిన వేళ్ళతో మూత తీసి, వాసన చూసి, ముందు తను ఒక గుక్క తాగింది. కాసేపు ఆగి, అప్పుడు పాపకిచ్చింది.