పేరు రాయని రెండు ఫిల్ములు

మా తమ్ముడు చిన్నోడికి యాభై రెండేళ్ళు. ఆ వయసులో కూడా మా ఇంట్లో అతను చిన్నోడే. రాళ్ళు చెక్కి గోడలు కట్టడం అతని పని. మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. పెరూ దేశంలో ఒకప్పటి ఇంకా జాతివాళ్ళు కట్టిన గోడ ఫొటో అది. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయిని రాయి పట్టుకుని నిలబడి ఉంది.

"చూడన్నయ్యా, సందులో కత్తి మొన కూడా దూరదట! ఈ రాయికి పన్నెండు మూలలు. ఎవడు చెక్కాడో గానీ వాడి చేతులు కళ్ళకద్దుకోవాలి."

"వాడు పోయి అయిదొందలేళ్ళు దాటింది. చేతులు ఎక్కణ్ణుంచి తెస్తావు?" అన్నాను.

"గోడ ఉందిగా. వెళ్ళి దాని ముందు నిలబడదాం. ఇద్దరం."

అంతే, ఆ రోజు నుంచి మాకు వేరే ధ్యాస లేదు. పెరూ పటం తెచ్చి నా బీరువా తలుపుకి అంటించాడు. ఆ గోడ ఉన్న కుస్కో ఊళ్ళో నాలుగు రోజులు, తర్వాత కొండ మీది పాత కోట మాచు పిచ్చుకి రైలు, వెనక్కి వచ్చాక మళ్ళీ ఒకసారి ఆ గోడ. మా ఆవిడ పటం తోసుకుని చీరలు తీసుకోలేక విసుక్కునేది. "అన్నదమ్ములిద్దరూ అక్కడే ఉండిపోండి, నా బీరువా నాకు దక్కుతుంది" అనేది.

టిక్కెట్లు తీసే ఆఫీసులో అమ్మాయి ఒక్క మెలిక పెట్టింది. కుస్కో పదకొండు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి, యాభై దాటినవాళ్ళు ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని డాక్టరు చీటీ తేవాలంది. మేమిద్దరం మొహాలు చూసుకుని నవ్వుకున్నాం. ఎక్స్‌రేలు తీయడమే నా ఉద్యోగం. నాన్న దగ్గర ఏడేళ్ళు రాళ్ళు చెక్కి, ఇరవై మూడో ఏట ఉలి పక్కన పడేసి ఈ పనిలోకి వచ్చాను.

ఆదివారం పొద్దున క్లినిక్ తాళం తీశాను. మాది ఇంకా పాత ఫిల్ము మిషనే. చిన్నోణ్ణి ఫిల్ము పెట్టిన పలక ముందు నిలబెట్టి, గడ్డం ఎత్తించి, ఊపిరి బిగబట్టించి తీశాను. తర్వాత నేను నిలబడ్డాను. అతను బటను నొక్కి, ఏదో రాకెట్టు ఎగరేసినంత గొప్పగా బయటికి వచ్చాడు. బయటివాళ్ళకైతే ఫిల్ము మీద నంబరు పడేలా పలక మూల సీసపు అంకెలు పెట్టి, పుస్తకంలో పేరు రాస్తాను. ఇంటివాళ్ళకి ఆ తతంగం ఎప్పుడూ లేదు. సొంత తమ్ముడికి నంబరేమిటి?

చీకటి గదిలో ఫిల్ములు కడిగి, ఆరాక దీపం పెట్టె మీద పెట్టాను. ఒకటి అద్దంలా ఉంది. రెండోది దగ్గరికి లాక్కుని చూశాను. రెండు ఊపిరితిత్తుల్లోనూ, పై భాగమంతా తెల్లటి చుక్కలు, పిండి జల్లినట్టు. రాతి దుమ్ము. క్వారీల నుంచి వచ్చినవాళ్ళవి ఇలాంటివి వందలు చూశాను. వాళ్ళలో చాలామంది రెండోసారి తీయించుకోవడానికి రాలేదు.

తలుపవతల చిన్నోడు ఈల వేసుకుంటున్నాడు. పాతికేళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరాను, మాస్కు పెట్టుకోరా, రాయి తడిపి కొయ్యరా అని. అయినా ఇలా అయిందా? కలం తీసి చుక్కల ఫిల్ము మీద వాడి పేరు రాశాను. మంచిదాని మీద నా పేరు రాశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు నేను బయటికి రాగానే.

"బాగానే ఉన్నాయి. కానీ పెరూ వద్దురా. అంత దూరం, అంత ఎత్తు... ఈ వయసులో మనకెందుకు? ఎక్కడైనా సముద్రం ఒడ్డుకి వెళ్దాం."

ఒంటికాలి మీద లేచాడు. "సముద్రమా? నీళ్ళు చూడ్డానికా మూడేళ్ళు కూర్చుని లెక్కలేసింది? నాతో రావడం ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పు."

"ఇష్టం లేదు," అన్నాను. తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

సోమవారం రెండు ఫిల్ములూ మా క్లినిక్ డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆవిడ చుక్కలున్నదాన్ని చాలాసేపు చూసింది.

"ఎవరిది?"

"మా తమ్ముడిదండీ. రాతిపని. వాడికి ఇంకా చెప్పలేదు. మీరే ఎలాగైనా..."

"ఎడమ భుజం మీద పడ్డాడా ఎప్పుడైనా? కాలర్ ఎముక విరిగి అతుక్కుంది చూడండి."

చూశాను. ఎముక మధ్యలో ముడి స్పష్టంగా ఉంది. పదహారో ఏట నాన్న కట్టిన పరంజా మీంచి పడినప్పుడు విరిగింది. పడింది చిన్నోడు కాదు, నేను.

ముప్ఫై నాలుగేళ్ళుగా ఫిల్ములు చూస్తున్నవాణ్ణి. చుక్కలు కనబడ్డాక ఎముక వైపు కన్నే తిప్పలేదు. దుమ్ము పని చేసేది వాడు కదా, ఇంకెవరిదవుతుంది అనుకున్నాను. నాన్నా నేనూ మూతికి గుడ్డ కూడా లేకుండా పొడిరాయి కోసిన ఆ ఏడేళ్ళు నాకు గుర్తే రాలేదు. పడింది నేనని ఆవిడకి చెప్పాను.

"మీ తమ్ముడి ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "మీకే ఇంకా పరీక్షలు చెయ్యాలి. అంత ఎత్తుకి మీరు వెళ్తానంటే నేను చీటీ ఇవ్వలేను."

అక్కణ్ణుంచి తిన్నగా చిన్నోడు పని చేస్తున్న చోటికి వెళ్ళాను. సగం లేచిన ప్రహరీ పక్కన మాస్కు గడ్డం కిందికి లాక్కుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఏదీ దాచకుండా మొత్తం చెప్పేశాను. గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

"నీకా?" అన్నాడు. మళ్ళీ, "నీకా?" అన్నాడు.

"నాకే. నువ్వు వెళ్ళిరా. నీకు ఏ అడ్డూ లేదు."

గ్లాసు గోడ మీద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"నాకే వచ్చిందనుకున్నప్పుడు నిన్న ఏం చేశావు?"

"ప్రయాణం మానిపించాను."

"నాకు చెప్పావా?"

"లేదు."

"వస్తావా అని గానీ, మానేస్తావా అని గానీ, నన్ను ఒక్క మాట అడిగావా?"

తల అడ్డంగా ఊపాను.

"నేను అడుగుతున్నాను. డాక్టరమ్మ సంగతి తర్వాత చూద్దాం. నీకేమనిపిస్తోంది? వెళ్ళాలనుందా?"

పొద్దుటి నుంచీ ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

"వెళ్ళాలనే ఉందిరా," అన్నాను. "భయంగా కూడా ఉంది. చచ్చేంత భయంగా ఉంది."

చిన్నోడు నా ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇదే మాట నిన్న నన్నూ అననివ్వాల్సింది కదన్నయ్యా," అన్నాడు.