అత్తగారి కత్తెర

తాండూరులో రాళ్లను అద్దంలా మెరిపించే పాలిష్ యూనిట్ నడుపుకునే రాజేందర్‌కు నడివయసులో పాత కత్తెరల పిచ్చి పట్టింది. ఎవరికైనా భూముల మీద మోజు పుడుతుంది, ఈయనగారికి దర్జీల సామాను మీద పుట్టింది. దోమ అనే ఊళ్లో ముసలి దర్జీ బాలప్ప పోయాడని తెలిసి, పరామర్శకని వెళ్లి కత్తెరతో తిరిగొచ్చిన ఘనుడు. వికారాబాద్ ఇంట్లో హాలంతా అద్దాల బీరువాలే. వాటి నిండా కత్తెరలు, దర్జీలు వేలికి తొడుక్కునే అంగుస్తాన్‌లు, సూదుల డబ్బీలు. చొక్కా గుండీ ఊడితే మాత్రం కుట్టుకోవడం రాదు మహానుభావుడికి.

ఒక్క కత్తెర ఆయనకు చిక్కలేదు. అది భార్య ఇంద్రమ్మకు తల్లి ఇచ్చిపోయింది. నల్లబడిన ఇనుము. బొటనవేలు ఒరుసుకుపోకుండా ఆ తల్లి తన పాత చీర పేలిక పిడికి చుట్టుకుంది. ఇంద్రమ్మ ఇప్పటికీ జాకెట్లు దానితోనే కత్తిరిస్తుంది.

“జర గా కత్తెర ఇయ్యరాదు. నడిమి అరల పెడ్త,” అని రాజేందర్ బతిమాలని రోజు లేదు.

“పనిచేసేదాన్ని అద్దాలల్ల పెడ్తరా? అది పడితే మా అవ్వ చెయ్యి పట్టుకున్నట్టుంటది నాకు,” అనేది ఆమె.

ఇంతలో హైదరాబాదు నుంచి పాత వస్తువులు తెలిసిన పెద్దమనిషి ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. ఇంకేం, పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టయింది. ఇంద్రమ్మ కోట్‌పల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్లగానే, రాజేందర్ ఆమె కుట్టుమిషన్ సొరుగులోని కత్తెరతో సహా సామానంతా పాలిష్ పట్టడానికి తాండూరు తరలించాడు. బండలనే మెరిపించేవాడికి ఇనుము ఒక లెక్కా? తుప్పు పోయింది, మరకలు పోయాయి, బాలప్ప తన కత్తెర మీద ముచ్చటపడి చెక్కించుకున్న పేరు కూడా పోయింది.

వచ్చినాయన బీరువాలన్నీ ఓపిగ్గా చూసి, “బాగున్నాయండీ. మరి పాతవెక్కడ?” అన్నాడు. చాయ్ తాగి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయాడు.

రాజేందర్ ఆ సిగ్గులోంచి తేరుకోకముందే ఇంద్రమ్మ ఊరి నుంచి వచ్చింది. నడిమి అరలో తళతళలాడుతున్న కత్తెరను చూసి, తీసి, పిడిలో బొటనవేలు పెట్టింది. వేలు వదులుగా ఆడింది.

“పేలికేది?”

“మస్తు మాసిపోయి ఉండె, పారేసిన. ఫికర్ చెయ్యకు, కొత్త బట్ట చుట్టిస్త.”

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండునని జీవితంలో మొదటిసారి రాజేందర్‌కు అనిపించింది. ఇంద్రమ్మ కత్తెరను తీసిన చోటే పెట్టి, అద్దం తలుపు మూసింది.

“గాడనే ఉండనియ్యిండ్రి. ఇగ దాంతోటి నాకేం పని లేదు.”